నాలుగు పిన్నీసులు

సైక్లోక్రాస్ అంటే బురదలో సైకిల్ పందెం. కాసేపు సైకిల్ మనల్ని మోస్తుంది, కాసేపు మనమే దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తాలి. ఓ ఆదివారం అలాంటి రేస్ ముగించుకుని మా ఊరు నేపర్‌విల్ వెళ్ళే రైలెక్కాను. ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పీటల మీద కూర్చోవాల్సినవాణ్ణి, మోకాళ్ళ దాకా బురదతో సైకిల్ పట్టుకుని నిలబడ్డాను.

"వచ్చేస్తున్నా, పంతులుగారికి కాఫీ ఇవ్వు," అని మా ఆవిడకి ఫోన్‌లో చెప్పడం ఎదుటి సీట్లోని పెద్దావిడ విన్నట్టుంది.

"గెలిచావా నాయనా?" అంది తెలుగులో.

"ముప్పై ఎనిమిదో ప్లేస్ ఆంటీ."

"ఎంతమందిలో?"

"నలభై."

"అయితే నీకంటే లేటుగా ఇంటికెళ్ళేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారన్నమాట. ఏదీ, ఇటు తిరుగు. ఈ నంబర్ వీపుకి తగిలించుకునే పీటల మీద కూర్చుంటావా?"

పిన్నీసులు తీసి, నంబర్ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. నాలుగు పిన్నీసులనీ మాత్రం అలవాటుగా తన గాజుకి తగిలించుకుని, తర్వాతి స్టేషన్‌లో దిగిపోయింది. నేను ఉత్త నంబర్ కాగితంతో ఇంటికి చేరాను.

ఆ సంగతి చెబితే, కోపంగా ఉన్న మా ఆవిడ పీటల మీదే పడీ పడీ నవ్వింది.

తర్వాతి రేస్ పొద్దున నేను పిన్నీసులు వెతుక్కుంటుంటే, మా ఆవిడ తన గాజుకున్నవి నాలుగు తీసి తనే నా వీపుకి నంబర్ తగిలించింది.

"వీటిని మళ్ళీ ఏ ఆంటీకో ఇచ్చి రాకు," అంది.