మా వియ్యపురాలు మెట్లెక్కించిన బ్యాటరీ

మా వియ్యపురాలు పోయింది. ఆ రోజు పొద్దున్నే నా కూతురు ఫోన్ చేసి, "అమ్మా, అత్తమ్మ లేస్తలేదు" అన్నది. నేను మౌలాలిలో ఆటో దిగేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. నాకంటే చిన్నది. ఈమధ్య నాకంటే చిన్నవాళ్ల గురించి రాయవలసి రావడం ఎక్కువైంది. రాయకుండా ఉండలేను, రాయడానికి ఓపికా లేదు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువే. ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పి రిటైరయింది. నేను ఆడిట్ ఆఫీసులో పనిచేసినదాన్ని. లెక్క తేలేదాకా వదలనని, నోరు గట్టిదని చుట్టాల్లో నాకు పేరు. పెళ్లిమాటలకు వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను అడగవలసినవన్నీ అడిగాక ఆమె చాయ్ కప్పు నా చేతికిచ్చి, "వదినె, మా ఇంటి ఆడిట్ అయిపోయినట్టేనా? ఇగ పిల్లలను మాట్లాడుకోనిద్దామా?" అన్నది. నా ముఖం మీద అట్లా అనగలిగింది ఆమె ఒక్కతే.

ఆమె అక్క రెజిమెంటల్ బజార్‌లో ఒక పాత ఇంటి పైగదిలో ఒంటరిగా ఉంటుంది. చూపు దాదాపు పోయింది. మౌలాలికి వచ్చి ఉండమంటే రాదు. "ఈడ గోడలు నాకు ఎరుక. నీ ఇంట్ల ఒక్కో గోడను గుద్దుకుంట నేర్చుకోవాలె" అంటుంది. అందుకని మధ్యాహ్నం అన్నం, రాత్రికి రొట్టె చెల్లెలే తీసుకుపోయేది. మొదట్లో ఆటోల్లో తిరిగింది. ఒక ఎండాకాలం ఆటో దొరకక ఆలస్యంగా వెళ్తే, అక్క ఆకలికి తాళలేక స్టవ్ దగ్గర తడుములాడి చెయ్యి కాల్చుకుని కనిపించింది. ఆ వారంలోనే బ్యాటరీ బండి కొంటానన్నది.

కొనడానికి నేను, అల్లుడు వెంట వెళ్లాం. అల్లుడికి పెద్ద బ్యాటరీ ఉన్న బండి నచ్చింది. ఆ బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, బయటికి తీయడానికి రాదు. ఒక్క ఛార్జింగ్‌తో ఊరంతా తిరగొచ్చని షాపతను చెప్పాడు.

"ఊరంత తిరిగేది మా వాడు, నేను కాదు బిడ్డా," అన్నది మా వియ్యపురాలు. "అయినా గా దూరం ఎట్ల చూసిన్రు? ఒక్కరే చదును రోడ్డు మీద పోయిన్రా, సామాన్ పెట్టుకుని మా మౌలాలి ఎత్తు ఎక్కిన్రా?"

"కంపెనీ వాళ్లు రాసిందమ్మా."

"కంపెనీ వాళ్లు మౌలాలిల ఉంటరా?"

అక్కకు అన్నం పెట్టేలోపు అక్కడే ఛార్జింగ్ పెట్టుకోవాలని ఆమె లెక్క, కానీ ఆ ఇంటి కింద ఆ వీలు లేదు. కాబట్టి బ్యాటరీని తీసి మెట్లెక్కించాలి. అట్లాంటివి చూపించమన్నది. ముందు తక్కువ ధరకు వచ్చే సీసం బ్యాటరీ చూపించాడు. పిడి పట్టి ఎత్తి, రెండడుగులు వేసి కింద పెట్టేసింది. తర్వాత లిథియం బ్యాటరీ ఎత్తింది. ఎత్తి, షాపు వెనక మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

"అమ్మా, పైన గోడౌన్! అక్కడ ఏం లేదు!" అని అతను వెంటపడ్డాడు.

"గోడౌన్‌తోని నాకేం పని? మెట్లతోని పని."

పైదాకా పోయి దిగి వచ్చి, కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుని, "నేను మోయగలిగిందే నా బ్యాటరీ" అన్నది. పాడైతే బాగుచేసేవాళ్లు సికింద్రాబాద్‌లోనే ఉన్నారా అని అడిగింది. గ్యారంటీ కాగితం నా చేతికిచ్చి, "వదినె, వీళ్లు ఏమేమి ఇయ్యరో చదువుండ్రి. ఇచ్చేటివి వాళ్లే చెప్తరు" అన్నది. లోపలికి నీళ్లు పోతే బాధ్యత లేదు, వేరే ఛార్జర్ పెడితే బాధ్యత లేదు అని చదివి వినిపించాను. ఆ రెండు మాటలూ ఆమె మంత్రంలాగా పట్టుకున్నది.

దసరా వచ్చింది. బండికి పూజ చేయాలని అల్లుడు పైపు పెట్టి కడిగాడు. చక్రాలకు నిమ్మకాయలు పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. భక్తి ఎక్కువై, బ్యాటరీకి ఛార్జర్ గుచ్చే చోట తడి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టాడు. ఆమె హారతి పళ్లెం పట్టుకుని వచ్చి చూసింది. పళ్లెం నా చేతిలో పెట్టి, పొడిగుడ్డ తెచ్చి కూర్చుని తుడవసాగింది.

"బొట్టు నొసటికి పెట్టాలె గని నోట్లె పెడ్తవారా?"

అల్లుడు పెళ్లాం వైపు చూశాడు. నా కూతురు నవ్వాపుకోలేక లోపలికి పోయింది. ఆ రోజంతా ఆమె దానికి ఛార్జర్ పెట్టలేదు. పూర్తిగా ఆరేదాకా ఫ్యాను కింద ఉంచింది. అక్కకు పండుగ భోజనం ఆటోలో తీసుకుపోయింది.

ఛార్జింగ్ ఎప్పుడూ ఉత్త గచ్చు మీదే. మంచం మీద, గుడ్డల మీద పెట్టనిచ్చేది కాదు. గడపకు అడ్డంగా పెట్టనిచ్చేది కాదు. తను మేలుకుని ఉన్నప్పుడే పెట్టేది, పడుకోబోయే ముందు తీసేసేది. "కడుపు పగిలేదాకా తినబెట్టొద్దు, ఖాళీ కడుపుతోని మూలకు పండబెట్టొద్దు" అనేది. ఖాళీగా చాలారోజులు పడేస్తే మళ్లీ లేవదట.

ఆ మాట ఆమె నాకూ వాడింది. మా ఆయన పోయిన కొత్తలో నేను తలుపు వేసుకుని కూర్చున్నాను, వచ్చినవాళ్లతో మాట్లాడలేదు. ఆమె అల్వాల్‌లోని మా ఇంటిదాకా ఆ బండి మీద వచ్చి, పప్పుచారు, అన్నం నా ముందు పెట్టింది. "వదినె, ఖాళీగ మూలకు కూసుంటే బ్యాటరీనే లేవది, మనమెట్ల లేస్తం?" ఓదార్పు మాట ఒక్కటి చెప్పలేదు. నేను తినేదాకా ఎదురుగా కూర్చుని కదల్లేదు. నేను తిన్నాను.

ఆమె పోయిన రోజు అక్కను కారులో తీసుకొచ్చారు. చెల్లెలి ముఖం చేతులతో తడుముకున్నది. సాయంత్రానికి తన గదికి తీసుకుపొమ్మన్నది. మరుసటి రోజు నుంచి అన్నం ఎవరు తీసుకుపోవాలి? కర్మ చేసేవాడు కాబట్టి అల్లుడు ఇల్లు కదలకూడదు. నేను ఆటోలో వెళ్లి వచ్చాను గానీ ఆ మెట్లకు నా మోకాళ్లు వాచిపోయాయి. తర్వాత అల్లుడు ఫోన్‌లో హోటల్ భోజనం పంపించాడు. తెచ్చినతను కింద నుంచి ఫోన్ చేశాడు. అక్క ఫోను తడుముకుని ఎత్తేలోపు వెళ్లిపోయాడు. ఆ పూట ఆమె పస్తున్నది.

బండి మౌలాలిలో, మెట్ల కింద నిలబడి ఉంది. చివరి మధ్యాహ్నం బజార్‌లో కరెంటు లేక, ఆమె ఛార్జింగ్ పెట్టకుండానే ఇంటికి చేరింది. అలసటగా ఉండి, తెల్లారి పెట్టుకుందామనుకున్నదట. నేను చూసేసరికి బ్యాటరీ అడుగంటి ఉంది. ఛార్జర్ తీసుకున్నాను. ఆమె ఆడబిడ్డ లేచి వచ్చింది.

"వదినె, దినాలు అయ్యేదాక పోయినామె వస్తువు ముట్టద్దు."

"ఫొటో ముందు దీపంల నూనె పోస్తున్నరు కద?"

"దీపం వేరు, బండి వేరు."

"అక్క ఆకలి గూడ దినాలు అయినంకనే తీరుస్తరా?"

నేను వియ్యంకుల వైపుదాన్ని, నాకు మైల లేదు. గచ్చు తుడిచి, ఛార్జర్ గుచ్చాను. మూలకు కుర్చీ లాక్కుని, కాపలాగా కూర్చున్నాను. కాసేపటికి నా కూతురు వచ్చి, "బండి నేను నడుపుతా. నువ్వు క్యారియర్ పట్టుకుని వెనక కూసో" అన్నది. ఆడబిడ్డ ముఖం తిప్పుకున్నది గానీ, మేము బయల్దేరేటప్పుడు క్యారియర్ పైగిన్నెలో పెరుగు పోసింది.

రెజిమెంటల్ బజార్‌లో నా కూతురు బ్యాటరీ తీసి ముందు ఎక్కింది. నేను గోడ పట్టుకుని మెల్లగా వెనక ఎక్కాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. మేమెవరమో చెప్పాను. తల ఊపింది. నా కూతురు బ్యాటరీ కింద పెట్టి, గోడకున్న ప్లగ్ వైపు వంగింది.

"ఆగు బిడ్డా. అప్పుడే పెట్టకు. ముందుగాల ఇటు తే."

పిల్ల నావైపు చూసి, బ్యాటరీని మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. అక్క చెయ్యి చాచి, జ్వరం చూసినట్టు దాని మీద అరచెయ్యి వేసింది.

"ఇంక వేడున్నది. వేడి మీద కరెంటు పెడితే ఖరాబైతదంట. చెల్లె అన్నం కలిపేది, నేను దీన్ని చూసేదాన్ని. చల్లబడ్డంక చెప్తే పెట్టేది." బ్యాటరీని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "నాకు ఆ ఒక్క పనే ఇచ్చింది" అన్నది.

నేను అన్నం కలిపి కంచం ఒళ్లో పెట్టాను. కుడిచేత్తో తిన్నది, ఎడమ చెయ్యి తీయలేదు. పప్పు అయింది, పెరుగు అయింది. నా కూతురు ఛార్జర్ తీగ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కంచం తీశాను, చేతికి నీళ్లు పోశాను. చల్లబడిందని అక్క ఇంకా చెప్పలేదు.