మూరెడు దేవుడు

మా నాన్నకి ఏదైనా పెద్దదే కావాలి. పెద్ద టీవీ, పెద్ద బీరువా. అలాగే మూడేళ్ళ క్రితం మూరెడు ఎత్తు ఇత్తడి వెంకటేశ్వరస్వామిని కొనుక్కొచ్చి, రాజమండ్రిలో మా పూజగదిలో నిలబెట్టాడు. చూసిన పంతులుగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "ఇంట్లో విగ్రహం బొటనవేలంత ఉంటే చాలండీ. ఇంత పెద్దదైతే రోజూ మహానైవేద్యం పెట్టాలి. ఒక్కరోజు తప్పినా అరిష్టం!"

ఇంకేముంది, అమ్మకి జైలు పడింది. వెనక్కిచ్చేద్దామంటే అపచారమట. పెళ్ళి లేదు, పేరంటం లేదు. పెనుగొండలో ఉన్న కన్నతల్లిని చూసి మూడేళ్ళయింది. "స్వామికి అన్నం ఎవరు పెడతారే?" అనేది. నేను పెడతానని నాన్న అంటే, "మీకు స్టవ్ వెలిగించడం వచ్చేంటి?" అని నోరు మూయించేది. మనల్ని కాపాడాల్సినాయనకి మనం కాపలా ఏంటని నాకు తిక్కరేగేది.

పోయిన నెల అమ్మమ్మ జారిపడి మంచానపడింది. "ఒక్కసారి నిన్ను చూడాలంటోందే" అని మావయ్య ఫోన్ చేశాడు. అమ్మ ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, స్వామిని దుప్పట్లో చుట్టి నా చంకనెక్కించింది. ఎంత బరువో! నా నడుం విరిగింది.

బస్సులో స్వామిని సీటు మీద కూర్చోబెట్టాం. కండక్టర్ దుప్పటి తీసి చూసి చెంపలేసుకున్నాడు. "మీ ఇద్దరికీ ఫ్రీ అండి. స్వామికి మాత్రం టిక్కెట్టు తియ్యాలండి, మగాయన కదండి." బస్సంతా ఒకటే నవ్వులు. అమ్మ మాత్రం నిజంగానే తీసింది.

మమ్మల్ని చూడగానే అమ్మమ్మ మంచం మీంచి చేతులు చాచింది. "ఉండమ్మా, స్వామికి వేళ దాటిపోతోంది" అంటూ అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. కాసేపటికి దద్దోజనం గిన్నెతో వచ్చింది.

"నేనూ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదే, నువ్వొస్తావని" అంది అమ్మమ్మ.

స్వామి వైపు వెళ్తున్న అమ్మ గిన్నెతో వెనక్కి తిరిగింది. మంచం మీద కూర్చుని తొలిముద్ద అమ్మమ్మ నోట్లో పెట్టేసింది. నేను హడలిపోయి కుర్చీలో ఉన్న స్వామి వంక చూశాను. ఉరుమూ లేదు, మెరుపూ లేదు. ఇత్తడి మొహం మీద అదే చిరునవ్వు. దీనికా మూడేళ్ళు భయపడి చచ్చామని ఒళ్ళు మండిపోయింది.

"ఉప్పెయ్యలేదేంటే?" అంది అమ్మమ్మ నములుతూ.

"నైవేద్యం రుచి చూడకూడదు కదమ్మా!"

"మూడేళ్ళ నుంచీ పెడుతున్నావు కదే, ఆయన ఒక్కసారైనా చెప్పలేదా?"

అమ్మ నవ్వబోయి, భోరుమంది.