మూడో చెరువు మైకు

వానాకాలం మొదలైతే చాలు, ఏదో ఒక ఊరినుంచి దెయ్యం వార్త వచ్చేది. పాడుబడ్డ రైసుమిల్లులో ఏడుపు, పుంతరోడ్డు మీద తెల్లచీర. రాజమండ్రిలో జిల్లా ఎడిషన్ బల్ల దగ్గర నేనున్నంత కాలం వాటిలో ఒక్కటి కూడా అచ్చుకి వెళ్ళలేదు. ఎవరు చూశారు, చూసినవాడి పేరేంటి, అతనితో నువ్వు మాట్లాడావా అని విలేకరిని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్న దగ్గర అవతలివైపు ఫోను పెట్టేసేవారు.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కింద రాసినదాన్ని దెయ్యం కథ అని నేను అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

రిటైరయ్యాక భీమవరం దగ్గర మా తమ్ముడు శ్రీను ఇంటికి వచ్చి ఉంటున్నాను. ఇంటి వెనకే వాడికి రొయ్యల చెరువులున్నాయి. రొయ్యల సాగులో ప్రాణమంతా ఏరియేటర్లదే. నీళ్ళమీద తేలుతూ చక్రాలు తిప్పి గాలి కలిపే యంత్రాలవి. మబ్బు పట్టిన రోజున అవి కాసేపు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. అందుకే చెరువుల రైతులు నిద్రలో కూడా ఆ చప్పుడు వింటూ ఉంటారు. చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది.

చెరువుల దగ్గర పని చూసేది ప్రకాశం. వాళ్ళ నాన్న మా నాన్న దగ్గర పని చేశాడు, అందుకని నన్ను పెద్దబాబుగారంటాడు. ప్రకాశం మాటకి ముందు నవ్వేవాడు. ఆ నవ్వు కూడా ఒక తీరుగా ఉండేది. స్టార్ట్ అవని డీజిల్ ఇంజనులా రెండు మూడుసార్లు గొంతులోనే కొట్టుకుని, తర్వాత ఒక్కసారిగా అందుకునేది. అతని భార్య మరియమ్మ ఆ నవ్వుని వెక్కిరించేది.

కిందటేడు శ్రీను గట్లమీద కెమెరాలు పెట్టించాడు. ఒక్కో చెరువుకి ఒక కెమెరా, ఏరియేటర్ల పక్కన నీళ్ళలో పాతిన కర్రకి ఒక మైకు. బొమ్మా చప్పుడూ తీగమీద షెడ్డుకి వచ్చి, అక్కడినుంచి పైపుకి బిగించిన చిన్న డిష్ ద్వారా మా హాల్లో ఉన్న పెట్టెకి చేరతాయి. టీవీలో చెరువులన్నీ గళ్ళుగళ్ళుగా కనిపిస్తాయి. ఏ గడిని ఎంచుకుంటే ఆ చెరువు చప్పుడు స్పీకర్లో వస్తుంది. ఇంటర్నెట్‌తో పని లేదు. ఇందులోది బయటికి పోదు, బయటిది ఇందులోకి రాదు. ఆ సంగతి బిగించినతన్ని నేను ప్రత్యేకంగా అడిగి తెలుసుకున్నాను.

"లైవ్ అంటాం గానండీ, కొంచెం లేటుంటది. మీరు చూసేటప్పటికి అది జరిగిపోయి ఉంటదన్నమాట," అన్నాడతను.

వార్త కూడా అంతే. ఎంత పరుగెత్తినా సంఘటన ముందు, వార్త వెనక. బతుకంతా ఆ వెనకబాటులోనే గడిపినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట నచ్చింది.

మూడో చెరువు ఏరియేటర్లు పాతవి. అందుకని పగలంతా దాని చప్పుడే పెట్టుకుని, పక్కనే కూర్చుని పుస్తకం చదువుకోవడం నాకు అలవాటైంది.

ఒక ఆదివారం. మబ్బు పట్టి గాలి లేదు. ప్రకాశం, మరియమ్మ తణుకులో బంధువుల పెళ్ళికి వెళ్ళారు. శ్రీను మేత కోసం భీమవరం వెళ్ళాడు. చెరువులు నేను చూస్తానన్నాను. మధ్యాహ్నం అవుతుండగా స్పీకర్లో ఏరియేటర్ల హోరు మధ్య స్కూలు బస్సు పాట హారన్ వినిపించింది. వెంటనే స్టీలు గిన్నెలు కిందపడి విడిపోయి దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ప్రకాశం గొంతు.

"పెద్దబాబుగారండీ, కరెంటు తీసేయండి."

అరుపు కాదు. ఊపిరి బిగబట్టి, ఒక్కో మాటా జాగ్రత్తగా పెట్టి అన్నట్టుంది. కొంచెం ఆగి, మరెవరితోనో, "దిగొద్దే. నువ్వు దిగొద్దు," అన్నాడు. నీళ్ళు కదిలిన చప్పుడు. అంతే.

టీవీలో మూడో చెరువు గడిలో ఎవరూ లేరు. గట్టు ఖాళీ. చక్రాలు తిరుగుతున్నాయి. నేను ఆలోచించలేదు. అరుగు మీదికి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాను. అప్పట్లో చెరువుల స్విచ్ అరుగు మీదే ఉండేది.

గట్లన్నీ తిరిగాను. పిలిచాను. ఒక కొంగ తప్ప ఎవరూ లేరు. తిరిగొచ్చి స్విచ్ వేశాను. ఏరియేటర్లు కదల్లేదు. మెయిన్ వేస్తే చాలదనీ, షెడ్డులోకి వెళ్ళి ఒక్కోదానికీ స్టార్టరు నొక్కాలనీ నాకు తెలియదు. శ్రీను వచ్చేసరికి మూడో చెరువులో రొయ్య గట్ల వెంట తేలిపోయి ఉంది. ఆ చెరువు పంట పోయినట్టే అయింది.

ప్రకాశానికి ఫోను చేశాం. పెళ్ళి పందిట్లో బంతిలో కూర్చుని ఉన్నాడు. వెనక సన్నాయి వినబడుతోంది.

శ్రీను కోప్పడలేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది. పెట్టెలో ఆనాటి రికార్డింగు పెట్టి చూపించాడు. ఏరియేటర్ల హోరు, ఉన్నట్టుండి ఆగిపోవడం, కాసేపటికి నేను గట్టు మీద పిలుస్తూ తిరగడం. హారన్ లేదు. గిన్నెలు లేవు. గొంతు లేదు.

"ఆదివారం స్కూలు బస్సేంటన్నయ్యా?" అన్నాడు. చెరువుల దగ్గర స్టీలు గిన్నె కూడా లేదు, ఉన్నవన్నీ ప్లాస్టిక్ బకెట్లే. "పేపరోళ్ళకి చెవిన పడిందల్లా వార్తే కదా," అని నవ్వేసి ఊరుకున్నాడు.

కునుకుపట్టి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరైనా విలేకరి ఈ వార్త తెచ్చి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

ఆ వారంలోనే శ్రీను ఎలక్ట్రీషియన్ని పిలిపించి మెయిన్ స్విచ్‌ని అరుగు మీదినుంచి షెడ్డులోకి మార్పించాడు. షెడ్డుకి తాళం వేయించాడు. తాళంచెవి ప్రకాశం మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ ఏర్పాటు ఎవరి కోసమో అందరికీ తెలుసు.

ప్రకాశానికి మాత్రం అదంతా పెద్ద సరదా అయింది. పొద్దున్నే తెప్ప వేసుకెళ్ళి మూడో చెరువు మైకు దగ్గర నిలబడి, "పెద్దబాబుగారండీ, ఇవాళ నేనేం చెప్పబోతున్నానండీ?" అని అడిగి నవ్వేవాడు. స్పీకర్లో ఆ నవ్వు హాలంతా నిండేది.

మరియమ్మ ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివింది. "ఈయన ఇంట్లో నోరిప్పడండీ. మూడు అడిగితే ఒకటి చెప్తాడు. తణుకులో కూర్చుని మీ డబ్బాలో మటుకు మాట్లాడాడంట. ఆ డబ్బా ఏదో మా ఇంట్లో పెట్టించండి బాబుగారూ."

తర్వాతి పంటకి రొయ్య బాగా పెరిగింది. రొయ్య పట్టే రోజులు దగ్గరపడ్డాక ప్రకాశం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళడం మానేశాడు. మరియమ్మే అన్నం తెచ్చేది. కొత్త స్టీలు కేరేజీ కొన్నది. ఆ కేరేజీని నేను చాలాసార్లు చూశాను. చూసి కూడా నాకేమీ గుర్తురాలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి అనుభవాలు చెప్పేవాళ్ళు అన్నీ తమకి ముందే తట్టాయంటారు. నాకు తట్టలేదు.

ఆ రోజు పని రోజు. స్కూలు బస్సు రోజూ ఆ వేళకి నర్సరీ పిల్లల్ని దింపడానికి వచ్చేదే, హారన్ రోజూ వినేదే. హారన్ మోగింది. దాని వెంటనే గిన్నెలు దొర్లాయి.

లేచాను. కుర్చీ వెనక్కి పడింది. గొంతు వచ్చేసరికే గడప దాటాను. వెనకనుంచి స్పీకర్లో వినబడుతోంది. "పెద్దబాబుగారండీ, కరెంటు తీసేయండి." అదే గొంతు. అదే నెమ్మది.

వెనక గుమ్మంలోంచి చూస్తే అంతా కనబడింది. మూడో చెరువు మధ్యలో తెప్ప మీద ప్రకాశం నిలబడి ఉన్నాడు. మొరాయించిన ఏరియేటరు చూడ్డానికి వెళ్ళాడట. దాని కరెంటు తీగ ఇనుప చట్రానికి రాసుకుని రాసుకుని తెగి నీళ్ళలోకి వేలాడుతోంది. మిగతా చక్రాలు తోసే నీటికి తెప్ప నెమ్మదిగా ఆ చట్రం వైపే జరుగుతోంది. అతను తాకలేడు, దిగలేడు. గట్టుమీద కేరేజీ గిన్నెలు నాలుగు వైపులా పడి ఉన్నాయి. తెప్ప తాడు కొస గట్టు పక్కనే నీళ్ళలో తేలుతోంది. మరియమ్మ దానికోసం చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటోంది.

నేను షెడ్డు వైపు పరుగెత్తాను. తాళం. తాళంచెవి చెరువు మధ్యలో, అతని మొలతాడుకి ఉంది.

గోడకి ఆనించిన గునపం తీసుకుని తాళం మీద కొట్టాను. కొడుతూనే నీళ్ళ చప్పుడు విన్నాను. ఆ చప్పుడు కూడా అంతకు ముందు విన్నదే. తాళం ఊడింది. స్విచ్ దించాను. హోరు ఆగిపోయింది. ప్రకాశం తెప్ప మీదినుంచి దూకాడు.

మరియమ్మ మోకాలి లోతులో పడి ఉంది. ఇద్దరం గట్టు మీదికి తెచ్చాం. భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ మమ్మల్ని ఎక్కువసేపు ఆశతో ఉంచలేదు.

ఆనాటి రికార్డింగు పోలీసులు చూశారు. వాళ్ళతోపాటు నేనూ విన్నాను. హారన్, గిన్నెలు, గొంతు, "దిగొద్దే. నువ్వు దిగొద్దు," నీళ్ళు. ఆదివారంనాడు నేను విన్నది ఇదే. మాటకీ మాటకీ మధ్య ఎడం కూడా ఇంతే. ఒక్కసారే విన్నాను. రెండోసారి పెట్టబోతే బయటికొచ్చేశాను.

శ్రీను స్విచ్‌ని మళ్ళీ అరుగు మీదికి మార్పించాడు. ఎవరూ చెప్పలేదు, వాడే. ఎలక్ట్రీషియన్ పని చేసినంతసేపూ పక్కన నిలబడి గోడవైపు చూస్తూ ఉన్నాడు. ఆ సంగతి మేమిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే ఏం వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆ ఆదివారం నాకు ఏమీ వినబడకపోతే స్విచ్ అరుగు మీదే ఉండేది. స్విచ్ అరుగు మీద ఉంటే, గిన్నెల చప్పుడు విన్నాక నేను లేచి వెళ్ళి దించడానికి ఎంతసేపు? కాపాడటానికే ఆ మాట ముందుగా వచ్చిందా అంటే, దానివల్లనే కదా తాళం పడింది. పోనీ చంపడానికి వచ్చిందా అంటే, ఆ గొంతులో ప్రాణభయం తప్ప మరొకటి లేదు. ఎన్నిసార్లు తిరగేసినా ఇక్కడే ఆగిపోతాను.

బిగించినతన్ని మళ్ళీ పిలిచి అడిగాను. పెట్టె విప్పి, తీగలన్నీ చూసి, "లేటు రావచ్చండి. ముందు రావడమంటూ ఉండదండి," అన్నాడు. నేనూ అంతే అనుకుంటాను.

ప్రకాశం కొన్నాళ్ళు చర్చి దగ్గర వాళ్ళ అన్న ఇంట్లో ఉండి, తర్వాత పనిలోకి వచ్చాడు. ఒకరోజు అరుగు మెట్టు మీద కూర్చుని అడిగాడు.

"పెద్దబాబుగారండీ, అప్పుడు మీకు ఇనబడినదాంట్లో... దిగొద్దన్నది కూడా ఉందాండీ?"

ఉందన్నాను.

"బాగా ఇనబడిందాండీ?"

"బాగానే వినబడింది ప్రకాశం."

చెరువులో తిరుగుతున్న చక్రాల వైపు చెయ్యి చూపించాడు. "అవి తిరుగుతుంటే గట్టుమీద ఏమీ ఇనబడదండి. మైకు నా పక్క కర్రకే ఉందండి, దానికి ఇనబడింది. మీకు ఇనబడింది. మీకూ నాకూ మధ్యలో ఉన్న మనిషికి ఇనబడలేదండి."

లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అతను మూడో చెరువు గట్టుమీద నోరు విప్పడు. మేత చల్లుతాడు, మేత తిన్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూస్తాడు, వెళ్ళిపోతాడు. నవ్వడం ఎక్కడా లేదు. శ్రీను ఏదో ఒకటి అని కదిలించాలని చూస్తాడు. పెదవులు కదులుతాయి, అంతే.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను.

మొన్న, ఎండ బాగా ఉన్న పూట, హాల్లో కూర్చుని ఉండగా స్పీకర్లో ప్రకాశం నవ్వు వచ్చింది. గొంతులోనే రెండు మూడుసార్లు కొట్టుకుని, ఆగి, ఒక్కసారిగా అందుకున్న ఆ నవ్వే. ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. పక్కన ఎవరో చిన్నపిల్ల ఏదో అంటున్నట్టుంది, మాటలు తెలియలేదు.

అరుగు మీదికి వచ్చి చూశాను. ప్రకాశం షెడ్డు నీడలో ఒక్కడే కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. గట్లమీద ఏ పిల్లా లేదు. ఆ సాయంత్రం రికార్డింగు పెట్టి విన్నాను. ఏరియేటర్ల హోరు ఒక్కటే ఉంది.

ఆ నవ్వు ఇంకా రాలేదు. ఎప్పుడు వస్తుందో, ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఈసారి ఎవరికీ చెప్పలేదు, ప్రకాశానికి కూడా. చెబితే ఎవరు ఏ తాళం ఎక్కడ వేస్తారోనని. కుర్చీ ఉన్నచోటే ఉంచాను. స్పీకరు ఆపడం లేదు.