మొదటి సీతాకోక ఏ రంగు?

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ 'బాగున్నావా' అని అడగరు. 'ఏ రంగు?' అని అడుగుతారు. చలికాలం పోయాక మొదట కంటపడిన సీతాకోకచిలుక పసుపుదైతే ఆ వేసవి అంతా బంగారం. మచ్చలదైతే రకరకాల పనులతో ఒళ్ళు హూనం. నల్లటి రెక్కలకు తెల్లంచు ఉన్నదైతే ఇంట్లో ఏడుపు. ఇందులో నమ్మడానికేముంది అంటారు అందరూ, అడగడం మాత్రం మానరు. ఎస్టోనియాలోని హీయుమా దీవి దక్షిణపు అంచున, సముద్రానికీ అడవికీ మధ్య ఇరుక్కున్న ముప్ఫై గడపల ఊరు మాది. ఏడాదిలో ఆరు నెలలు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. దొరికిన దాన్ని వదులుకుంటామా?

నా పేరు అస్తా. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క దుకాణం నాది. కాబట్టి అందరి రంగులూ నా కౌంటరు మీదికే వస్తాయి. వచ్చిన వాటిలో సగం దొంగ రంగులు. ఎందుకంటే మావాళ్ళు మోసం చేస్తారు. నల్లది ఎగురుతూ కనిపిస్తే గబుక్కున కళ్ళు మూసుకుని, 'సరిగ్గా చూడలేదు, లెక్కలోకి రాదు' అంటారు. కట్టెల కొట్టులో చలికాలమంతా నిద్రపోయిన మచ్చల సీతాకోక, కట్టెలతో పాటు ఇంట్లోకొచ్చి పొయ్యి వేడికి లేచి ఎగిరితే, 'ఇంట్లోది చెల్లదు' అంటారు. ఈ మోసాలన్నిటిలోకీ పెద్ద మోసగాడు ఊనో.

ఊనో మా పోస్టావిడ హెల్వె మొగుడు. భారీ మనిషి, చేపలంటే ప్రాణం, మాట తక్కువ. ఏటా ఎండ కాస్త వేడెక్కగానే ఒక్కడే వెళ్ళి, అడవి అంచున విల్లో పొదల దగ్గర పసుపువి ఎగురుతున్నాయో లేదో చూసొచ్చేవాడు. ఎగురుతుంటే ఇంటికొచ్చి, వెనక నుంచి హెల్వె కళ్ళు రెండు చేతులతో మూసి, అలాగే నడిపించుకుంటూ అక్కడిదాకా తీసుకెళ్ళేవాడు. దారిలో ఆవిడ తిట్టే తిట్లు నా దుకాణం దాకా వినిపించేవి. 'బురదలోకి తోస్తున్నావు, ఎద్దుమొహమా' అనేది. పొదల దగ్గర చేతులు తీసేవాడు. పసుపు. ఇరవై ఏడేళ్ళు, ఏటా పసుపే.

'ఆయన ముందు ఏది చూశాడో నీకు తెలుసా?' అని ఓసారి ఆటపట్టించాను.

'ఆయన చూసింది ఆయనకి. నాకు చూపించింది నాకు' అంది హెల్వె, ఉత్తరాలు సర్దుకుంటూ.

మొన్న ఫిబ్రవరిలో ఊనో పెర్చ్ చేపల కోసం గడ్డకట్టిన సముద్రం మీదికి వెళ్ళాడు. తోపుడు స్లెడ్జి బండి, మంచుకు చిల్లి పెట్టే బర్మా, ఫ్లాస్కు నిండా కాఫీ. చేతులకు హెల్వె అల్లిన నీలం ఉన్ని తొడుగులు. అంత నీలం ఎక్కడా ఉండదు. 'వీటిని పెట్టుకుంటే నేను స్వీడన్ దాకా కనిపిస్తానే' అని నా దగ్గర మొత్తుకున్నాడు కూడా. స్లెడ్జి దొరికింది, ఫ్లాస్కు దొరికింది. వాటి పక్కన మంచు విరిగిన చోట మనిషి పట్టేంత నీళ్ళు. రక్షణ దళం వాళ్ళు రెండు రోజులు వెతికారు. మూడో రోజు చలి ముదిరి ఆ చోటు కూడా గడ్డకట్టేసింది. ఇక మంచు కరిగాకే అని చెప్పి వెళ్ళిపోయారు.

నాలుగో రోజున హెల్వె పోస్టు కారు తీసి ఉత్తరాలు పంచింది. ఒక్క ఉత్తరం కూడా గడప మారలేదు. ఏడవలేదు. మాకందరికీ అది భయంగా ఉండేది. నేను ఇంటికెళ్తే కాఫీ పెట్టేది, తను కప్పు పట్టుకుని చల్లారే దాకా కూర్చునేది. ఒకే బూడిదరంగు స్వెట్టరు వారాల తరబడి. రొట్టె కోసి పెడితే తినేది, పెట్టకపోతే లేదు.

'ఎలా ఉంది హెల్వె?' అన్నానొక రోజు, ఏదో ఒకటి అనాలి కదా అని.

ఆలోచించి చెప్పింది. 'పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుంది చూడు. ఉందని తెలుస్తుంది. ముట్టుకుంటే మాత్రం నీది కాదు. ఒళ్ళంతా అలా ఉంది.'

'పోతుందిలే ఆ తిమ్మిరి.'

'పోతే ఏమొస్తుందో' అంది. అడుగుతున్నట్టు లేదు, భయపడుతున్నట్టూ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

నిజానికి ఆవిడ మనసు పెట్టి వినేది వాతావరణం ఒక్కటే. మధ్యాహ్నం రేడియోలో గాలుల సంగతి చెప్పే వేళకు కారు ఎక్కడున్నా ఆపేసేది. మా తీరం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. మంచు విరిగే రోజుల్లో ఉత్తరపు గాలి వీస్తే, ఆ పలకలు వాటి కింద ఉన్నదాన్ని కూడా తోడు తీసుకుని నడిసముద్రంలోకి పోతాయి. దక్షిణపు గాలి వీస్తే అంతా మా రెల్లులోకి వచ్చి చేరుతుంది. ఊనోకి ఒక సమాధి దొరకాలంటే దక్షిణపు గాలి రావాలి. ఈ మాట ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

మార్చి నెలాఖరు వచ్చింది. ఇక్కడ నేనొక తెలివైన పని చేశాను. అంటే, తెలివైన పని అనుకున్నాను. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను: 'హెల్వె ముందు రంగు ఊసెత్తకండి. చూసినా చూడలేదనండి.' అందరూ తలూపారు. ఎనభై ఎనిమిదేళ్ళ ముసలి విల్లెంకు మాత్రం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

'ఎందుకడగకూడదు? ఏటా అడుగుతానుగా' అన్నాడు.

'ఈ ఏడాది వద్దు.'

'నాకు మచ్చలది కనబడింది.'

'సంతోషం. నాకు చెప్పండి. ఆవిడకి చెప్పకండి.'

ఆ విధంగా పోస్టు కారు ఆగిన ప్రతి గేటు దగ్గరా మాటలు ఆగిపోవడం మొదలైంది. అంతకుముందు ఏటా ఆ వారాల్లో హెల్వె మా ఊరి వార్తాపత్రిక. ఏ ఇంట్లో ఏ రంగో గడప గడపకీ మోసుకెళ్ళేది. ఈసారి జనం ఉత్తరం అందుకుని, 'చలి తగ్గింది' అని, తలుపు వేసుకునేవారు. ఆవిడ కూడా వేరే ప్రశ్న అడిగేది. 'మీ వైపు మంచు ఎంతదాకా పోయింది?'

ఏప్రిల్ మొదటి వారంలో ఓ రోజు దుకాణంలోకి వచ్చి, తపాలా సంచి కౌంటరు మీద పెట్టి, నా మొహంలోకి చూసింది.

'నీకేది కనబడింది, అస్తా?'

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. పొద్దున్నే నా చెత్తకుండీ మీద పసుపుది, దాని వెనకే ఇంకో పసుపుది.

'ఇంకా ఏదీ లేదు. ఈ ఏడాది ఆలస్యం' అన్నాను.

'అబద్ధం ఆడటం నీకు చేతకాదు' అంది. కోపం కూడా లేదు గొంతులో. 'నేనింకా చూడలేదు. చూడాలనీ లేదు, వద్దనీ లేదు. కారు నడుపుతుంటే రోడ్డు కనిపిస్తుంది. అంతే.'

నాకు చాలా సిగ్గేసింది. ఇన్నాళ్ళ స్నేహంలో ఆవిడకు నేనిచ్చింది చివరికి మూసిన తలుపులు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఒకసారి ఊరంతా చాటించాక మళ్ళీ ఎక్కడ మొదలుపెడతాం?

వారం తిరిగేసరికి దక్షిణపు గాలి పట్టుకుంది. రెండు రోజులు ఆగకుండా వీచింది. మంచు పలకలు ఒడ్డుకు వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, పగిలాయి, కరిగాయి. మూడో రోజు పొద్దున వలలు చూసుకోవడానికి వెళ్ళిన ఆర్వో తిరిగొచ్చి నేరుగా నా దుకాణంలోకి నడిచాడు. మోకాళ్ళదాకా తడి. ఆర్వో, ఊనో చిన్నప్పటి నుంచీ ఒకే పడవలో పెరిగిన వాళ్ళు.

'రెల్లులో ఉన్నాడు' అన్నాడు. 'ఒడ్డుకు లాగాను. పడవ మీది టార్పాలిన్ కప్పాను. పట్నానికి ఫోను చేశాను, రావడానికి గంట పడుతుందట. హెల్వెకి నువ్వు చెప్పు, అస్తా. నా వల్ల కాదు.'

నాకు ఆ కష్టం లేకుండానే తలుపు తెరుచుకుంది. హెల్వె సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆర్వో బూట్ల నుంచి నా నేల మీదికి కారిన నీళ్ళను చూసింది.

'ఎక్కడ?' అంది.

ముగ్గురం నడిచాం. దారి విల్లో పొదల పక్క నుంచే. నా కళ్ళు ఎక్కడికి పోతాయో అని నాకే భయం వేసి, నేల చూస్తూ నడిచాను. రెల్లు దగ్గరికి వచ్చేసరికి ఆర్వో ముందుకెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు.

'చూడొద్దు హెల్వె. ఏడు వారాలు నీళ్ళలో. నేను చూశాను, చాలు. ఊనోనే. ఒట్టు.'

అప్పుడు నేను ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా వెనక నుంచి ఆవిడ కళ్ళు మూశాను, రెండు చేతులతో. పొగబెట్టిన చేప వాసన కొడుతున్న చేతులు. హెల్వె కదల్లేదు. నా అరచేతుల కింద ఆవిడ రెప్పలు తెరిచే ఉన్నాయి. వెంట్రుకలు తగులుతున్నాయి.

'చెయ్యి తియ్యి, అస్తా.'

'ఊనో అయితే దీన్ని నీకు చూపించేవాడు కాదు' అన్నాను.

'ఇరవై ఏడేళ్ళు ఆయన చూపించిందే చూశాను. ఇది కూడా ఆయనే చూపిస్తున్నాడు. తియ్యి.'

తీశాను.

టార్పాలిన్ కింద నుంచి ఒక చెయ్యి బయట ఉంది. తొడుగు అలాగే ఉంది. నీళ్ళు ఏమీ చేయలేకపోయాయి ఆ నీలాన్ని. రెల్లు ఎండిపోయి, బురద నల్లగా, సముద్రం బూడిద రంగులో ఉంటే, అంత మేరలో రంగన్నది అదొక్కటే. హెల్వె మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడం చేతి తొడుగు అది. బొటనవేలు దగ్గర అల్లికలో ఒక వరస ఎక్కువ పడి పొడుగైపోయిందట. విప్పి మళ్ళీ అల్లుతానంటే ఊనో వద్దన్నాడట. ఆ బొటనవేలిని పట్టుకుని, ఊడి వేలాడుతున్న పోగును వేలితో లోపలికి దోపింది. తర్వాత టార్పాలిన్ తీయమంది. ఆర్వో తీశాడు. హెల్వె చూసింది, చాలాసేపు. నేను చూడలేదు, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. ఆ సంగతి దాచుకోను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పట్నం వాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా పక్కన కూర్చుని, తర్వాత లేచి మోకాళ్ళకంటిన బురద దులుపుకుంది. తిరిగి వస్తుంటే విల్లో పొదల మీద పసుపువి నాలుగైదు ఎగురుతున్నాయి, వాటి కింద నుంచే నడిచాం. ఆవిడ తల ఎత్తిందో లేదో నాకు తెలియదు. సంచిలో ఇంకా మూడిళ్ళ ఉత్తరాలున్నాయని వెళ్ళి ఇచ్చింది.

శనివారం అంత్యక్రియలని నిర్ణయమైంది. ఊనో దొరికిన మర్నాడు పొద్దున హెల్వె దుకాణానికి వచ్చింది, అంత్యక్రియలయ్యాక పెట్టే కాఫీకీ బంగాళాదుంపల సలాడ్‌కూ సామాను చెప్పడానికి. నేను రాసుకుంటున్నాను. ఊళ్ళోవాళ్ళు నలుగురు ఉన్నారు, గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అప్పుడు తలుపు తోసుకుని ముసలి విల్లెం వచ్చాడు. టోపీ తీశాడు. హెల్వెను చూసి మొహం విప్పారింది.

'ఏం అమ్మాయ్, ఏ రంగు?'

నేను పెన్సిలు కింద పెట్టాను. ఈ ముసలాయన్ని గెంటెయ్యాలా, నేనే ఏదో ఒకటి వాగాలా అని చూస్తున్నాను.

'నీలం' అంది హెల్వె.

విల్లెం తల అడ్డంగా ఊపాడు. మూడుసార్లు చెప్పిన సంగతి ఆయనకు గుర్తు లేదు గానీ, సీతాకోకల సంగతి పొరపాటు పడడు. 'నీలంవి మే నెలలో గదమ్మా వచ్చేది.'

'ఈసారి ముందొచ్చింది.'

ఆయన కళ్ళు చిట్లించుకుని, తల్లి దగ్గరా అమ్మమ్మ దగ్గరా విన్నవన్నీ వెతుక్కుంటున్నట్టు కాసేపు నిలబడ్డాడు.

'పసుపుకి చెప్పారు, నల్లదానికి చెప్పారు' అన్నాడు చివరికి. 'నీలానికి మనవాళ్ళు ఏమీ చెప్పలేదే. నీలం చూసినవాళ్ళు ఏం చెయ్యాలో నాకు తెలీదమ్మా.'

'నాకూ తెలీదు' అంది హెల్వె.

అని, పక్కనే ఉన్న బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని ఏడ్చింది. ఫిబ్రవరి నుంచి దాచిపెట్టిందంతా వచ్చింది, గట్టిగా, మొహం కప్పుకోకుండా. ఒకరిద్దరు బయటికి వెళ్ళబోయారు, వెళ్ళలేదు. విల్లెం టోపీ చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు.

నేను కౌంటరు చుట్టూ తిరిగొచ్చి ఆవిడ పక్కన బస్తా మీద కూర్చున్నాను. చేతులు రెండూ నా ఒళ్ళోనే ఉంచుకున్నాను.