మొదటి చెంబు

మిషనమ్మ నోరంటే వీధి మొత్తానికీ హడల్. మూడో అంతస్తులో ఆవిడ కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే ఎవరికో మూడిందన్నమాటే. అంతటి మనిషీ కోడలి దగ్గర మాత్రం వెన్నపూస.

ఆ పిల్లకి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పగానే మిషనమ్మ నడుం బిగించింది. బరువెత్తనిచ్చేది కాదు, వంగనిచ్చేది కాదు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, కుళాయి తిప్పి, మొదటి చెంబు కోడలికే పట్టేది. రాత్రంతా గొట్టంలో కదలకుండా ఉన్న నీళ్లు చల్లగా, తేటగా ఉంటాయని ఆవిడ నమ్మకం. కొడుకు పొరపాటున ఆ చెంబు మీద చెయ్యేస్తే గయ్యిమనేది.

"ఏరా, నువ్వేమన్నా ఇద్దరి కోసం తాగుతున్నావా?"

ఏడో నెల నడుస్తుండగా నీళ్ల ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. కింది వాటాలో పసిబిడ్డ రక్తంలో సీసం తేలిందట. కుళాయి వెనక గొట్టాన్ని తాళంచెవితో గీకి చూసింది. పైనున్న మురికి పోయి లోపల తెల్లగా మెరిసింది.

"ఇది సీసపు గొట్టమమ్మా. నీళ్లు నిలవుండే కొద్దీ సీసం వాటిలోకి దిగుతుంది. పొద్దున తిప్పగానే వచ్చే నీళ్లు అసలు తాగకూడదు. కడుపుతో ఉన్నవాళ్లయితే మరీ ప్రమాదం, లోపలి బిడ్డకీ చేరుతుంది. మీ ఇంట్లో ఆ నీళ్లెవరు తాగుతారు?"

"నేనేనండీ! మా అత్తయ్య ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు" అంది కోడలు మురిపెంగా. అన్నాక ఆ పిల్ల మొహంలో రంగు మారింది.

"కాచిస్తే?" అంది మిషనమ్మ.

"కాచినా పోదమ్మా."

ఆవిడ ఆ అమ్మాయి వెంట మెట్ల దాకా వెళ్లి, గొంతు తగ్గించి అడిగింది. "మరి ముందు పోయిన ఇద్దరు?"

"దానివల్లేనని చెప్పలేమండీ. కాదనీ చెప్పలేం."

ఆ గొట్టం ఇన్నేళ్లూ గోడలో ఉంచినవాళ్లెవరో హాయిగానే ఉండి ఉంటారు. శిక్షంతా మిషనమ్మకే పడింది. ఆవిడ మిషను మూలపడింది. కోడలు మాత్రం ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, ఇద్దరూ ఏడ్చి తేల్చుకునేవాళ్లు.

ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది, పిడికెడు ప్రాణం. గాజుపెట్టెలో పెట్టారు. బతుకుతుందన్నారు గానీ, సీసం ఏం చేసిందో పెరిగితే తప్ప తెలియదన్నారు.

"దాహం" అంది కోడలు.

మిషనమ్మ కొన్న నీళ్ల సీసా మూత గబగబా తీసి, గ్లాసులో పోసి, మంచం దగ్గరికి వెళ్లింది. కోడలు గ్లాసు వైపు చూసింది. తల తిప్పుకుని మొగుడితో, "మీరివ్వండి" అంది.

కొడుకు తల్లి చేతిలోంచి అదే గ్లాసు తీసుకుని భార్య నోటికి అందించాడు. ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా తాగేసింది.