డబ్బా వెనక చిన్న స్విచ్చి

ఆఫీసులో టైపిస్టును అందరూ జాగ్రత్తమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఉరుము వినబడితే చాలు, కనబడిన స్విచ్చల్లా కట్టేస్తుంది. ఎవరు ఏది ఎక్కడ పెట్టి మరిచిపోయినా ఆమెనే అడుగుతారు.

ఆ ఉదయం కంప్యూటర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మధ్యాహ్నానికి మేనేజరుకి ఇవ్వాల్సిన రిపోర్టంతా అందులోనే ఉంది. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. వైరు మార్చింది. అదే సాకెట్టులో టేబుల్ ల్యాంపు పెడితే నిక్షేపంగా వెలిగింది. కంప్యూటర్ డబ్బాలో మాత్రం చలనం లేదు. పక్క టేబుల్ గుమాస్తాను పిలిచింది.

"అన్నయ్యా, ఇది కాలిపోయినట్టుంది! నా కొంప మునిగింది!"

గుమాస్తా వంగి డబ్బా వెనక చెయ్యి పెట్టాడు. టిక్కుమంది. ఈసారి బటన్ నొక్కగానే ఫ్యాను గుయ్యిమని తిరిగింది.

"వెనక చిన్న స్విచ్చి కట్టేసుందమ్మా, అంతే."

"ఎవరు కట్టేశారు? దాని జోలికి నేనెప్పుడూ పోలేదే!"

గుమాస్తా పగలబడి నవ్వాడు. "భలేదానివమ్మా! నిన్న సాయంత్రం ఉరుములకి టేబుల్ కింద దూరి కట్టేసింది నువ్వేగా? టార్చి పట్టుకుంది నేను. పొద్దున గుర్తుచెయ్యమని కూడా అన్నావు."

జాగ్రత్తమ్మ తనూ నవ్వబోయింది. నవ్వు రాలేదు. టేబుల్ కింద చీకటి, టార్చి వెలుగు, ఉరుములు... ఎంత తవ్వుకున్నా ఒక్కటీ తట్టలేదు.

తెర వెలిగింది. ఏళ్ల తరబడి రోజూ కొట్టే పాస్‌వర్డ్ అడిగింది. ఆమె వేళ్లు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి.