ఎంగిలి ముహూర్తం

కరీంనగర్ బస్టాండు వెనక, స్టీలు సామాన్ల దుకాణం మీది అంతస్తులో గర్భిణులకు క్లాసులు చెబుతాను. బోర్డు మీద 'సుఖప్రసవ శిక్షణ' అని ఉంటుంది. సుఖమెక్కడిది? మొదట్లో ఉత్త 'ప్రసవ శిక్షణ' అని రాయిస్తే నెలంతా మెట్లెక్కి వచ్చింది ఒకే ఒక్కడు, వాడూ పాలపొడి అమ్ముకునేవాడు. ముందు సుఖం తగిలించాక గుమ్మం దగ్గర చెప్పులు పట్టలేదు. మా క్లాసులో ఒకావిడ ఊపిరి వదిలిన తీరుకు కింద దుకాణంలో బిందెలన్నీ దొర్లిపోయాయని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. ఒక్క గరిటె మాత్రమే దొర్లింది.

వచ్చేవాళ్ల మీద నాకు గౌరవం ఉందని అనుకోకండి. భర్తలు పెద్ద గాలిబంతి మీద భార్యను కూర్చోబెట్టి ఫోటో తీసుకుంటారు, దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటారు, నేను నొప్పుల సంగతి ఎత్తగానే టీ తాగడానికి కిందికి దిగిపోతారు. ఆ వరసలో ఒకడు కాన్పయిన మూడో రోజు వచ్చి, మిగిలిన క్లాసులు తన చెల్లెలికి వాడుకోవచ్చా అని అడిగాడు. చెల్లెలికి పెళ్లే కాలేదు. అత్తలది ఇంకో తీరు. వెనక కుర్చీ వేసుకుని, కోడలికి నేనేం నూరిపోస్తున్నానో అని కాపలా కాస్తారు. నడుం నొప్పికి ఎలా రుద్దాలో చూపిస్తుంటే, "గిది నేర్పెటందుకు క్లాసా? మా బర్రెకు నేను రోజు రుద్దుత" అన్న మహాతల్లి ఉంది. బర్రె అదృష్టం.

అందరికన్నా ఒళ్లు మండేది ముహూర్తాల వాళ్లతో. మా వైపు పెళ్లికి తీయించినట్టే కాన్పుకూ ముహూర్తం తీయిస్తారు. పంతులు నక్షత్రం చూసి గడియ చెబుతాడు, డాక్టరు ఆ గడియకు కోస్తుంది, లోపలున్నది నిద్రలోంచి లేచేసరికి రాజయోగంలో ఉంటుంది. ఇంత తేలికైతే ఈపాటికి జిల్లాకు వెయ్యిమంది రాజులుండాలి. నాకు కనిపించేవాళ్లంతా మా మెట్ల కింద బండ్లు అడ్డంగా పెట్టేవాళ్లే.

ఖానాపూర్ కోడలొకామె వచ్చేది. తొలి కాన్పు. భర్త దుబాయిలో. తల్లి లేదు కాబట్టి అత్తే వెంటబెట్టుకొచ్చి కరీంనగర్‌లో తన కూతురింట్లో దిగింది. నేను చెప్పింది చెప్పినట్టు ఇంటికి పోయి చేసిన మనిషి నా వ్యాపారం మొత్తంలో ఈ అమ్మాయి ఒక్కతే. నెలలు నిండాక, ఒకరోజు అందరూ వెళ్లేదాకా ఆగింది.

"మేడం, అత్తమ్మ ముహూర్తం తీయించింది. బేస్తారం పొద్దుగాల కోస్తరట."

"డాక్టరమ్మ ఏమన్నది?"

"బిడ్డ మంచిగనే ఉంది, తల కిందికే ఉంది, ఆగితే కాన్పు దానంతటదే అయితదన్నది. అత్తమ్మ గట్టిగ అడిగినంక, సరే మీ ఇష్టమన్నది."

"మీ ఆయన?"

"ఆయన రూంల ఉన్నోళ్ల పిల్లలందరు ముహూర్తం మీదనే పుట్టిండ్రట. నాకు కోతొద్దు మేడం. నేనే కనాలె. నా మాట ఎవ్వలు ఇంటలేరు."

అత్తతో మాట్లాడి చూశాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నీ పని ఊపిరి పీల్చుడు నేర్పుడు. గది నేర్పు" అంది.

బేస్తారమంటే గురువారం. ఆ పొద్దున అమ్మాయి రమ్మంటే ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో నడుస్తోంది. నడిచి నడిచి కిటికీ ఊచ పట్టుకుని ఆగింది, నడుం మెల్లగా ఊపుతూ నోరు గుండ్రంగా చేసి ఊపిరి వదిలింది. నాకు అర్థమైపోయింది.

"ఎప్పటిసంది బిడ్డా?"

"తెల్లారకముందుసంది. సిస్టర్‌కు చెప్పిన. చూసి, అంత మంచిగనే ఉందన్నది. అత్తమ్మకు చెప్పకుండ్రి మేడం, ఇప్పుడే కోయిస్తది."

అత్తకు ఆ తీరికే లేదు. ఆపరేషన్ గది ముందు బెల్లంపల్లి నుంచి వచ్చిన ఇంకో అత్తతో కొట్లాటలో ఉంది. ఆమె కోడలికి మొదటి కాన్పూ ఆపరేషనే, ఇప్పుడూ తప్పదు. గది ఒక్కటి. గడియ ఒక్కటి. కోడళ్లు ఇద్దరు.

"మాది తొమ్మిదింటికి. మీరు జర ఆగుండ్రి," అంది బెల్లంపల్లి అత్త.

"మాది గూడ తొమ్మిదింటికే. మేమెందుకాగుతం?"

"మా పంతులు అసొంటిసొంటోడు గాదు. మంచిర్యాలల అడుగు."

"గా ఎర్ర స్కూటర్ మీద తిరుగుతడు, గాయినెనా?"

"ఆఁ, గాయినే."

"మాకూ గాయినే తీసిండు!"

ఇక పంతులును తిడతారు అనుకున్నాను. పంతులును పల్లెత్తు మాట అనలేదు. మళ్లీ ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు.

ఒకరి తర్వాత ఒకరికి చెరో పావుగంట ఇస్తే గడియ దాటకుండా ఇద్దరిదీ అయిపోతుందని డాక్టరు లోపలి నుంచి కబురు పంపింది. అత్తలు మెత్తబడుతున్నారు. నేను మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.

"ఓ అక్కా, శ్రీరాంపూర్ సంగతి ఎరుకనే గదా? ఒక్కటే ముహూర్తానికి ఇద్దరిని కోసిండ్రు. మొదటోడు కలెక్టరయిండు. రెండోడు గా కలెక్టర్ బంగ్లా ముందల మేకలు కాస్తుండు."

"గదెట్ల?" అన్నారు ఇద్దరూ.

"యోగం మొదటోడు తిని పాయె. రెండోనికి మిగిలింది ఎంగిలే గదా? ఎంగిలి ముహూర్తం అంటరు దాన్ని."

అంటారో లేదో నాకేం తెలుసు. ఆ క్షణందాకా ఎవరూ అనలేదు. కానీ ఇద్దరి మొహాలూ చూడాలి! ఇక ముందు మేమంటే ముందు మేమని తలుపుకు అడ్డం నిలబడ్డారు. చివరికి డాక్టరే బయటికి వచ్చి, ఆపరేషన్ తప్పనిదని బెల్లంపల్లి కోడలిని లోపలికి తీసుకుపోయింది. ఖానాపూర్ అత్త చీర కొంగు దులిపింది.

"ఎంగిలిది మాకొద్దు!"

పంతులుకు ఫోన్ చేస్తే, ఆయన ఏమాత్రం తడుముకోకుండా శుక్రవారానికి ఇంకోటి ఇచ్చాడు. ఆయన దగ్గర అవెప్పుడూ నిండుకోవు. అత్త హాయిగా కూతురింటికి అన్నం తినడానికి పోయింది.

కోడలు మాత్రం కాన్పు గదిలోకి నడిచి పోయింది. నేను పక్కన ఉన్నాను, నడుం రుద్దాను. డాక్టరు వచ్చి చూసి, "ఇంకేం, అయిపోయింది" అంది, ఆ అమ్మాయిని ఇంతదాకా తెచ్చింది తానే అయినట్టు. అత్త తిరిగొచ్చేసరికి సరిగ్గా రాహుకాలం నడుమ ఆడపిల్ల పుట్టి, అరుస్తోంది.

"నీ నోట్ల మన్నువడ!" అని నన్నే తిట్టింది. పిల్లను ఎత్తుకుంది, చూసింది, ముద్దు పెట్టుకుంది. తర్వాత కొడుకుకు వీడియో కాల్ చేసింది.

"తొమ్మిదింటికే కొడుకా! కోసి తీసిండ్రు. గడియ తప్పలే."

అబద్ధాలు చెప్పడంలో నాకు కొంత పేరుంది. ఈవిడ కళ్లార్పకుండా, నా ఎదుటే, నొప్పులు పడిన మనిషి పక్కనే నిలబడి చెప్పింది. అమ్మాయి చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"కోయలే. రెండు దాటినంక అయింది. నేనే కన్న."

దుబాయిలో ఆయన బిత్తరపోయాడు. "అవ్వ తొమ్మిదింటికంటుంది గదా?"

"అవ్వ కన్నదా, నేను గన్ననా?" అని, ఫోను అత్త చేతిలో పెట్టేసి, పిల్లను తీసుకుంది.